తలుపు మీద ఆకుల చక్రం

ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక
ఆకులు రాలే కాలం

అమ్మడూ, ఒకావిడ మీ నాన్నని పెళ్లి చేసుకుంటానంటోంది!

మీ నాన్ననే తల్లీ, ఇంకెవరి నాన్ననో కాదు. ఆ మాట చెవిన పడ్డాక ఈ మోకాళ్లతో మెట్లన్నీ ఎలా ఎక్కి వచ్చానో నాకే తెలీదు. కాగితం దొరక్క పాత క్యాలెండరు చింపి వెనకవైపు రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే కంగారుపడకు. అది జబ్బు కాదు, సంతోషం.

సరే, ఇప్పుడు బుద్ధిగా పద్ధతి ప్రకారం రాస్తాను. చిరంజీవి అమ్మడికి నాన్న తల నిమిరి దీవించి రాసేది. నువ్వూ, అల్లుడుగారూ, పిల్లలిద్దరూ చల్లగా ఉన్నారనుకుంటాను. చలి మొదలైంది, చిన్నాడి చెవులు కప్పు. నా మోకాలి నొప్పి ఉన్నచోటే ఉంది. దాని జోలికి నేను పోవట్లేదు, నా జోలికి అది రావట్లేదు. రాత్రి మాత్ర వేసుకుంటున్నాను. ఇక కుశలాలు అయిపోయాయి, అసలు సంగతికి వద్దాం.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నేను ఒక మాట మొదలుపెడితే నువ్వు నాలుగు అడ్డం వేస్తావు. తిన్నావా, మాత్ర వేసుకున్నావా, ఆ దగ్గేమిటి, వెనక ఆ చప్పుడేమిటి. ఇంతలో నేను చెప్పాలనుకున్నది కాస్తా స్టాపు దాటిపోతుంది. ఉత్తరమైతే నేను మాట్లాడతాను, నువ్వు వింటావు. నువ్వు బళ్లో పంతులమ్మవి, నేను బస్సు తోలినవాణ్ణి. తప్పులుంటే మనసులో దిద్దుకో, ఎర్ర సిరాతో మాత్రం దిద్దకు.

ఇదంతా ఎక్కడ మొదలైందో నీకు సగమే తెలుసు. మిగతా సగం చెప్పకుండా దాచానని కాదు, నువ్వు చెప్పనివ్వలేదు.

ఎండలు తగ్గేముందు మా భవనం యజమాని తలుపులన్నిటికీ రంగు వేయించాడని చెప్పాను కదా. అన్ని తలుపులకీ ఒకటే ఆకుపచ్చ. రంగు వేసేటప్పుడు నంబరు పలకలు ఊడదీశారు, ఆ పలకల మరలు ఎక్కడో పారేశారు, ఈ రోజుకీ తిరిగి బిగించలేదు. ఒక సాయంత్రం కూరగాయల సంచి మోసుకుంటూ, ఆయాసంలో ఒక అంతస్తు తక్కువ ఎక్కి, తాళంచెవి పెట్టి తిప్పాను. తిరగలేదు. ఊపాను, తోశాను, ఆ తాళాన్ని నానా తిట్లూ తిట్టాను. తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. ఒకావిడ చేతిలో గరిటె పట్టుకుని నించుని, డ్రైవరుగారూ, మీ స్టాపు ఇంకోటి పైన ఉంది, ఇక్కడ దిగకండి, అంది.

నాకు ఎంత నవ్వొచ్చిందో! ఆ నవ్వు ఆపుకోలేకే నీకు ఫోను చేసి చెప్పాను. నువ్వు నవ్వలేదు. నీ గొంతు మారిపోయింది. నాన్నా, ఇలాంటివి ఇంకా ఏమైనా జరుగుతున్నాయా, అన్నావు. మీ పక్కింటి పెద్దాయనకీ ఇలాగే మొదలైందన్నావు, చివరికి సొంత కొడుకునే ఎవరు నువ్వని అడిగాడన్నావు. ఇక ఒక్కడివీ ఉండటానికి వీల్లేదు, చలి ముదిరేలోపు వచ్చెయ్ అన్నావు. వారం తిరక్కుండా వెనక గదికి రంగు వేయించావు, అల్లుడుగారు మంచం కొన్నారు, పెద్దది గోడ మీద తాతగది అని రాసి బస్సు బొమ్మ కూడా వేసిందట. నేను వస్తానన్నాను. నీ మీద కోపంతో చెప్పట్లేదమ్మా, నీ గొంతు అలా వణికితే నేను దేనికైనా వస్తాననే అంటాను.

కానీ నువ్వు ఫోను పెట్టేశాక ఆ భయం కాస్తా నాలో దిగింది. తాళంచెవి జేబులో ఉందా అని పదిసార్లు తడుముకునేవాణ్ణి. మీ అమ్మ పుట్టిన ఊరేదో, నీ బళ్లో నీ క్లాసు ఏదో, నాలో నేనే ప్రశ్న వేసుకుని నాలో నేనే జవాబు చెప్పుకునేవాణ్ణి. అంత జాగ్రత్తగా ఉన్నానా, మళ్లీ ఒకరోజు అదే తలుపుకి అదే తాళంచెవి పెట్టాను.

ఈసారి ఆవిడ నవ్వలేదు. లోపలికి పిలిచి, కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చింది. ఆవిడ ఎవరంటే, భవనంలో అందరూ నర్సమ్మగారంటారు. పెద్దాసుపత్రిలో ఆడవాళ్ల వార్డులో పనిచేసి రిటైరైంది. తమ్ముళ్లని చదివించి, వాళ్ల సంసారాలు నిలబెట్టేసరికి తన సంసారం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆవిడకీ రాలేదట. ఆవిడ నా నాడి పట్టుకుని చూసి, ఇవాళ ఏ వారం, ఏ నెల అని అడిగింది. చెప్పాను. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమంది. అంకెలు ఎవరికి కావాలండీ, నేను తోలిన రూటులో స్టాపులన్నీ వెనక నుంచి చెప్తాను వినండి అని, ఆఖరి స్టాపు నుంచి అందుకున్నాను. పిండిమర, వంతెన, చెరుకురసం బండి, ఆడపిల్లల బడి, ఆసుపత్రి... అక్కడ ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. ఆసుపత్రి స్టాపు దగ్గర మీరు ఏనాడూ స్టాపులో ఆపలేదు, రెండడుగులు ముందుకు పోయి సరిగ్గా బురదగుంటలో ఆపేవారు, నా తెల్లచెప్పులు ఎన్ని పాడయ్యాయో మీకేం తెలుసు, అంది! చూశావా, అన్నేళ్లు నా బండి ఎక్కిన మనిషి. నేను అద్దంలోంచి ముందు రోడ్డే చూశాను, వెనక ఎవరు కూర్చున్నారో చూడలేదు.

చివరికి తీర్పు చెప్పింది. మీ బుర్రకేం కాలేదు, మీరు నేల చూసుకుంటూ నడుస్తారు, తలుపు చూడరు. అన్ని తలుపులూ ఒకేలా ఉంటే ఎవరికైనా ఇదే గతి. మీ తలుపుకి ఒక గుర్తు పెడితే సరి, అంది. అమ్మడూ, ఆ రోజు మెట్లెక్కుతుంటే నా ఒళ్లు ఎంత తేలికైందో చెప్పలేను. నీకు చెబుదామని ఫోను చేశాను. నువ్వు మంచం కొలతల గురించి మాట్లాడావు.

మర్నాడు నా తలుపు మీద ఒక చక్రం వేలాడుతోంది. ఎండుతీగని గుండ్రంగా చుట్టి, దాని మీద ఒక పక్కగా ఎర్రబడ్డ ఆకులు, గడ్డికంకులు, గింజలు రాలిపోయిన గుల్లలు, చెక్కతో చెక్కినట్టుండే పైన్ చెట్టు కాయలు రెండు కలిపి పురికొసతో కట్టింది. సింగారమేమీ లేదు, మెరుపులేమీ లేవు. చేను గట్టు మీద నడిచొచ్చి కాళ్లు కడుక్కోకుండా ఇంట్లోకొచ్చిన పిల్లలా ఉంది. నేను ఆ గుమ్మం ముందు సంచి దించి చాలాసేపు నించున్నాను. బస్సు తోలినంతకాలం ఈ ఆకుల్ని నేను తిట్టుకున్నానమ్మా. అద్దానికి అంటుకుంటే వైపరు వేసి తోసేసేవాణ్ణి. తడిసి రోడ్డు మీద పడితే చక్రాలు జారతాయని భయం. వాటికి అన్ని రంగులుంటాయని, ఒక ఆకులోనే పసుపూ గోధుమా ఎరుపూ కలిసి ఉంటాయని ఇన్నేళ్లకి చూశాను.

నేను మళ్లీ తలుపు తప్పలేదు. కానీ భవనంలో మిగతావాళ్లందరూ తప్పుతున్నారని అప్పుడు తెలిసింది! కింద టైలరు ఒకసారి ఎదురింట్లోకి వెళ్లి చెప్పులు విప్పి కూర్చున్నాడట. పై అంతస్తు పసిపిల్ల తల్లి ఎవరింటి ముందో నించుని మొగుణ్ణి తలుపు తియ్యమని కేకలేసిందట. అందరూ మాకూ ఒకటి, మాకూ ఒకటి అని నర్సమ్మగారి వెంట పడ్డారు. ఆవిడ నా దగ్గరికొచ్చి, ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చోకపోతే రాకూడదూ, రెండు చేతుల పని కాదిది, అంది.

అలా వెళ్లానమ్మా. రోజూ వెళ్లాను.

పొద్దున్నే ఇద్దరం పార్కు వెనక దారిలో సంచులు పట్టుకుని తిరిగేవాళ్లం. కింద రాలినవే ఏరాలి, చెట్టు మీదవి తెంపకూడదన్నది ఆవిడ చట్టం. తీగలు మాత్రం తోటమాలి కోసి పడేసినవి తెచ్చుకునేవాళ్లం. ఇంటికొచ్చాక ఆకుల్ని పాత పత్రికల మధ్య పెట్టి నా ట్రంకుపెట్టె వాటి మీద బరువుగా పెట్టేవాళ్లం. రంగు నిలవడానికి మైనం కరిగించి ఒక్కో ఆకునీ తొడిమ పట్టుకుని అందులో ముంచి తియ్యాలి. నారింజపండు పలచగా చక్రాలు కోసి పొయ్యి సెగకి ఎండబెడితే, వెలుతురుకి పెట్టి చూస్తే రంగుటద్దంలా ఉంటుంది. తీగ వంచడం నా వంతు. స్టీరింగు పట్టిన చేతులు కదా, గుండ్రం నాకు బాగా వస్తుంది. తీగ పట్టుకోగానే నా చేతులు వాటంతట అవే అటూ ఇటూ తిప్పడం మొదలెడితే, డ్రైవరుగారూ, మలుపేమీ లేదు, కట్టండి, అనేది.

తప్పులు చెయ్యలేదనుకోకు. ఆకులు మెరవాలని ఆవిడ లేని సమయంలో నా దగ్గర మిగిలిన బండి పాలిషు పూశాను. సాయంత్రానికి అన్నీ నల్లగా బొగ్గుల్లా అయ్యాయి. ఇంకోసారి పైన్ కాయలకి మట్టుందని బకెట్లో వేసి కడిగాను. విచ్చుకుని ఉన్నవన్నీ గప్పున ముడుచుకుపోయాయి. చంపేశాననుకుని ఆవిడ ముందు దోషిలా నించున్నాను. ఆవిడ వాటిని పొయ్యి పక్కన వెచ్చగా పరిచింది. కాసేపటికి టిక్కు, టిక్కుమని చిన్న చిన్న చప్పుళ్లు. ఒక్కొక్కటే రేకు విప్పుకుంటున్నాయి. ఇద్దరం టీ చల్లారిపోయేదాకా ఆ చప్పుళ్లు వింటూ కూర్చున్నాం. మిగతా రోజులన్నిటి కంటే ఆ రోజే నాకు ఎక్కువ గుర్తు.

అసలు పెద్ద తప్పు ఆవిడది. నవ్వుకుంటావు విను. గిరాకీ ఎక్కువై తీగలు ఎండేదాకా ఆగే ఓపిక లేక, పచ్చి తీగలతో, పచ్చి కాడలతో చక్రాలు చేసి, నాది కూడా మార్చేసి, అన్ని తలుపులకీ తగిలించేశాం. కట్లు కట్టింది ఆవిడే, విరిగిన చేతికి కట్టినట్టు, చీమ దూరకుండా. కొన్నాళ్లకి మెట్ల దగ్గరి వెచ్చదనానికి ఆ తీగలు ఎండి సన్నబడ్డాయి. ఒక గాలి రోజున ఎవరో కింద వీధి తలుపు దభేలుమని వేశారు. అంతే! కింది నుంచి పై దాకా అన్ని తలుపుల ఆకులూ కాయలూ జలజలా మెట్ల మీద! ఊడ్చే ఆవిడ చీపురు నడుముకి ఆనించి, బయట ఆకులు ఊడవలేక చస్తుంటే లోపల కూడా పెంచుతున్నారా ఈ ముసలాళ్లిద్దరూ, అని భవనమంతా వినపడేలా అరిచింది. నర్సమ్మగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, వాపు దిగితే కట్టు వదులవుతుందని ఎంతమంది కొత్త నర్సులకి నేర్పానో, నాకే తట్టలేదే, అంది.

అన్నీ మొదటి నుంచి మళ్లీ చెయ్యాలి. ఇద్దరం చాలా బాధపడుతున్నట్టు మొహాలు పెట్టాం. కానీ అమ్మడూ, ఆవిడ మొహంలో నాకు బాధ కనపడలేదు. నా మొహంలో తనకీ కనపడలేదని ఆవిడ తర్వాత చెప్పింది.

ఇక్కడ నీకొకటి చెప్పాలి, ఇది మెల్లగా చదువు.

కట్టడానికి గుడ్డపీలికలు కావలసి వచ్చాయి. నేను మీ అమ్మ పాత శాలువా పట్టుకెళ్లాను, ఆ గోధుమరంగుది, అంచు చిరిగింది. ఇది బీరువాలో ఊరికే పడుంది, కత్తిరించుకోండి, అన్నాను. ధారాళంగా ఇస్తున్నట్టే అన్నాను గానీ నా గొంతు నాకే వేరుగా వినపడింది. ఆవిడ కత్తెర చేతిలో పట్టుకునే ఉంది. శాలువా తడిమి చూసింది, మడతపెట్టింది, నా ఒళ్లో పెట్టింది. దీనికి కత్తెర పెట్టడానికి నాకు చేతులు రావు, మీకూ రావు, తీసుకెళ్లి చలికి కప్పుకోండి, అంది. లోపలికి వెళ్లి తన తెల్ల యూనిఫారం ఒకటి తెచ్చింది. రిటైరైనప్పటి నుంచి ఇస్త్రీ చేసి దాచుకున్నదట. కసకసా పీలికలు చేసి టీ డికాషన్‌లో నానబెట్టింది. ఆరాక ఎండుగడ్డి రంగొచ్చింది. ఇప్పుడు మా భవనంలో తలుపు తలుపుకీ ఆవిడ ఉద్యోగమే కట్టుకుని ఉంది.

ఆ శాలువా ఇప్పుడు నా భుజాల మీదే ఉంది. మీ అమ్మ పోయాక నేను నిలబడే తినేవాణ్ణని నీకు తెలియదు. పొయ్యి దగ్గరే, గిన్నెలోంచే, రెండు ముద్దలు. కూర్చుంటే ఎదురుగా కుర్చీ కనపడేది. నర్సమ్మగారి బల్ల మీద ఆకులు జరిపి పళ్లెం పెట్టుకుని కూర్చుని తినడం మళ్లీ అలవాటైంది. తింటూ ఆవిడ మీ అమ్మ గురించి అడుగుతుంది. వంట ఎలా చేసేది, కోపం ఎలా వచ్చేది, నన్ను ఏమని పిలిచేది. ఎవరూ అడగరమ్మా ఇవన్నీ. నువ్వూ అడగవు, నేను బాధపడతానని. నేనూ చెప్పను, నువ్వు బాధపడతావని. మనిద్దరి మధ్యా మీ అమ్మ పేరు ఎత్తకుండానే అన్నాళ్లు గడిచిపోయాయి. ఈవిడ ముందు మాత్రం మీ అమ్మ గురించి చెప్తూ చెప్తూ నవ్వుతాను నేను. మీ అమ్మ స్థానం ఎవరికో పోతోందని నీకు అనిపిస్తుందేమో. నాకైతే మీ అమ్మ ఇన్నాళ్లకి మళ్లీ మాటల్లోకి వచ్చినట్టుంది.

పోయిన వారం ఆవిడకి చెప్పేశాను, చక్రాలు పూర్తయ్యాక మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నాను, గది కూడా సిద్ధమైంది, అని. అప్పటిదాకా ఎందుకు చెప్పలేదో నన్నడక్కు. ఆవిడ అలాగా, అంది. మంచిదే, పిల్లల దగ్గరుండాలి, అంది. తలెత్తలేదు. చేతిలో తీగకి కడుతున్న ముడి బిగించింది, ఇంకా బిగించింది, తీగ ఠప్పున విరిగింది. విరిగిన ముక్కలు రెండూ పక్కన పెట్టి ఇంకో తీగ అందుకుంది. ఆ వారమంతా నేను తలుపులన్నీ తిరిగి చక్రాలు తగిలించి వచ్చేవాణ్ణి, ఆవిడ కడుతూ ఉండేది.

ఇవాళ్టికి ఆవిడ తలుపుకీ నా తలుపుకీ మాత్రమే మిగిలాయి. పొద్దున్న కూర్చుని ఒకటి పూర్తి చేశాం. భోజనాలయ్యాక రెండోదానికి నేను తీగ వంచుతున్నాను. ఆవిడ చేతిలో ఆకు మైనంలో ముంచబోయి ఆగింది. డ్రైవరుగారూ, అంది. ఆ, అన్నాను. రెండు తలుపులకి రెండెందుకు చేస్తున్నాం, ఒకటి చాలదా, అంది. నా తలుపుకి ఇక చక్రం అక్కర్లేదంటోంది అనుకుని, అవునండీ, నేనెలాగూ వెళ్లిపోతున్నాను కదా, ఒకటి చాలు, అన్నాను! మీ నాన్న తెలివి చూడు! ఆవిడ ఆకు కింద పెట్టేసింది. మీరు బండి తోలేటప్పుడు కూడా ఇంతేనా, హారను కొడితే గానీ వినపడదా, నేను పెళ్లి మాట అడుగుతున్నాను, అంది. చెవులు రెండూ ఎర్రబడిపోయాయి ఆవిడకి. అయినా కళ్లు దించలేదు. మనిద్దరం ఒకే తలుపు వెనక ఉంటే నాకు బాగుంటుందనిపిస్తోంది, మీకెలా ఉంటుందో నాకు తెలియదు, అందుకే అడుగుతున్నాను, అంది. ఈ వయసులో ఎవరైనా నవ్వితే నవ్వనీ, ఇప్పటిదాకా ఎవరూ నవ్వకుండా బతికాను, దాంతో నాకేం ఒరిగింది, అని కూడా అంది.

అమ్మడూ, ఎంత ధైర్యం ఉండాలి ఆ మాట అనడానికి! జీవితమంతా ఇంకొకళ్ల కోసం అడిగిన మనిషి, ఫీజులకీ మందులకీ బెడ్డులకీ. తనకోసం అడగడం ఇదే మొదలని నాకు అర్థమైంది. ఇంత వయసొచ్చి, జుట్టంతా పోయి, మోకాళ్లు కిర్రుమనే నన్ను ఒక మనిషి చూసి, ఇతను ఉంటే బాగుంటుంది అనుకుంది. అన్ని సీట్లూ ఖాళీ అయిపోయాక, బండి షెడ్డుకి పోయే వేళ ఒక్కరు చెయ్యెత్తి ఆపినట్టుంది నాకు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తున్నాయి.

నీ దగ్గరికి రానని కాదు తల్లీ. వస్తాను, ఇద్దరం వస్తాం. ఆ గదిలో పెద్దది వేసిన బస్సు బొమ్మలో వెనక సీటులో ఇంకొకర్ని వెయ్యమను. కానీ వచ్చి, ఉండి, మళ్లీ మా ఇంటికి మేము వచ్చేస్తాం. నువ్వు ప్రేమగా కట్టిన గది నాకు వద్దనడం నాకెంత కష్టంగా ఉందో నీకు తెలుసు. రంగు వేయించేటప్పుడు నువ్వే బ్రష్షు పట్టుకున్నావని అల్లుడుగారు చెప్పారు. నీ మనసు నాకు తెలుసు. అయితే నువ్వు భయపడి పిలిచావు, నేను నీ భయం చూసి సరేనన్నాను. భయం మీద కట్టిన గదిలో ఇద్దరం సుఖంగా ఉండమమ్మా. నువ్వు రోజూ నా మొహంలో మతిమరుపు వెతుకుతావు, నేను రోజూ లేదని రుజువు చేసుకుంటూ కూర్చుంటాను.

నువ్వొకసారి ఇక్కడికి రా. ఆవిడని చూడు. నీకూ నాడి పట్టుకుని చూస్తుంది, నిద్ర చాలట్లేదని తిడుతుంది, భరించు. కింది నుంచి మెట్లెక్కుతూ ఒక్కో తలుపూ చూసుకుంటూ రా. టైలరు తలుపుకి దారపు ఉండలు కట్టి ఉంటాయి, పసిపిల్ల ఇంటికి అందరికంటే చిన్న చక్రం, మొత్తం పసుపు ఆకులే. ఒక్క ఇల్లూ తప్పవు.

ఇట్లు,
ఇన్నేళ్ల వయసులో మెట్ల మీద పరిగెత్తిన
నీ నాన్న

తా.క. : అసలు సంగతి రాయకుండా సంతకం పెట్టేశాను. నేనింకా ఆవిడకి జవాబు చెప్పలేదు.

ఆవిడ అడగ్గానే అవునని గొంతు దాకా వచ్చింది, అక్కడ నువ్వు అడ్డం వచ్చావు. నీకు చెప్పకుండా ఆ మాట బయటికి రాలేదు తల్లీ. లేచి నించుని, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానండీ, పొంగిపోతాయి, అనేసి పైకి వచ్చేశాను. నా పొయ్యి మీద పాలు లేవు. ఇంట్లోనే పాలు లేవు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, ఎందుకంటే పొద్దున్న నా టీకి పాలు ఆవిడే ఇచ్చింది.

ఈ ఉత్తరం నీకు చేరి, నువ్వు చదివి, ఏడ్చి, అల్లుడుగారితో చెప్పి, సరేనని రాసి, అది నాకు చేరేదాకా ఆవిడకి ఏమీ చెప్పకుండా ఉందామనే కూర్చున్నాను. రాస్తూ రాస్తూ చూసుకుంటే, అన్నాళ్లు ఎవరి పొయ్యి మీద పాలు పొంగుతాయి? పైగా ఇంత పొడుగున రాశాక నాకే తెలిసింది, నేను నిన్ను అనుమతి అడగట్లేదు. నువ్వు సంతోషించాలని అడుగుతున్నాను. అది ఇవాళ కాకపోతే రేపు, రేపు కాకపోతే ఇంకెప్పుడైనా. నువ్వు సంతోషించేదాకా నేను ఎదురుచూస్తాను. ఆవిడని మాత్రం ఎదురుచూడనివ్వను. కింద కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. నేను వెళ్తున్నాను.

ఇక ఎవరెవరికి చెప్పాలో రాస్తాను, ఒక్కరినీ మరిచిపోకు. అల్లుడుగారికి చెప్పు, భోజనం అయ్యాక చెప్పు, ముందు చెబితే ముద్ద దిగదు. పిల్లలిద్దరికీ చెప్పు, ఒక అమ్మమ్మ దొరికిందని, సూదిమందు వెయ్యదని కూడా చెప్పు. మీ మేనత్తకి కుడిచెవి వైపు నించుని గట్టిగా చెప్పు, మా అక్క మొదట నన్ను తిడుతుంది, తర్వాత ఆవిడ వంట బాగా చేస్తుందా అని అడుగుతుంది, చేస్తుందని చెప్పు. మీ చిన్నమావయ్యకి ఫోనులో చెప్పకు, వాడి అక్క కదా మీ అమ్మ, వాడింటికి వెళ్లి పక్కన కూర్చుని మెల్లగా చెప్పు, వాడు ఏమన్నా నేను పడతానని చెప్పు. నా పాత కండక్టరు మనకి చుట్టం కాదు గానీ చుట్టం కంటే ఎక్కువ, వాడికి చెబితే ఊరంతటికీ వాడే చెప్తాడు, నీకు ఖర్చు తగ్గుతుంది.

వీళ్లందరి కంటే ముందు తెలియాల్సిన మనిషి కింది అంతస్తులో ఉంది. ఆవిడకి నేనే చెప్తాను.